‘ఎప్పట్లాగే’ అంటే ఎన్ని మార్కులు?



పదిహేనేళ్ల కిందటి సంగతి. గోదావరి పక్క ఒక పల్లెలో ఇంటింటికీ తిరిగి ఆరోగ్య సర్వే చేస్తున్నాం. ప్రశ్నలడిగే కుర్రకారుకి తర్ఫీదు ఇవ్వడం, పొద్దుగూకాక వాళ్లు తెచ్చిన కాగితాలు సరిచూసి అంకెలు కూడడం నా పని. ఒక మధ్యాహ్నం మా జట్టులోని అమ్మాయి ఒకామె అరుగు మీద కూర్చుని, డెబ్భై దాటిన మామ్మగారిని ప్రశ్నలడుగుతోంది. నేను స్తంభానికి ఆనుకుని వింటున్నాను. మామ్మగారు చేటలో చింతపండు పోసుకుని, గింజలు తీస్తూ జవాబులు చెబుతున్నారు.

నిద్ర సంగతి వచ్చింది. ఈ మధ్య దిగులుతో నిద్ర చెడిందా అని అడిగి, అమ్మాయి నాలుగు జవాబులు చదివి వినిపించింది. అసలు లేదు, ఎప్పటికన్నా ఎక్కువేం కాదు, ఎప్పటికన్నా ఎక్కువే, చాలా ఎక్కువ.

“ఎప్పట్లాగేనమ్మా,” అన్నారావిడ. గింజ ఒకటి గిన్నెలో పడేసి, “మా పెద్దాడు పోయి ఆరేళ్లు. అప్పట్నుంచీ కోడి కూసేదాకా రెప్ప పడదు. ఈ మధ్య అని ఏముందీ, ఎప్పట్లాగే.”

అమ్మాయి నా వంక చూసింది. రూలు ప్రకారం పొమ్మని కళ్లతోనే చెప్పాను. ‘ఎప్పటికన్నా ఎక్కువేం కాదు’ అన్న గడిలో టిక్కు పడింది. దానికి మార్కు సున్నా. 12 ప్రశ్నల్లో పదింటికి ఆవిడ జవాబు అదే ధోరణి. సాయంత్రం కూడి చూస్తే మొత్తం ఒకటి. మా కాగితాల ప్రకారం ఆ వీధిలో మనసు అందరికన్నా కుదురుగా ఉన్న మనిషి ఆవిడే.

ఆ ప్రశ్నావళి ఎవరో పనిలేక రాసింది కాదు. దాని పేరు జనరల్ హెల్త్ క్వశ్చనీర్, ముద్దుగా జీహెచ్‌క్యూ. లండన్‌లో మోడ్స్‌లీ ఆసుపత్రి దగ్గర పనిచేసిన డేవిడ్ గోల్డ్‌బర్గ్ అనే మానసిక వైద్యుడు 1972లో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. మొదట 60 ప్రశ్నలు. తర్వాత 30, 28, 12 ప్రశ్నల పొట్టి రూపాలూ వచ్చాయి. ఆ 12 ప్రశ్నల రూపమే లోకమంతా తిరిగింది. బ్రిటన్‌లో 1991 నుంచి అవే కుటుంబాలను ఏటేటా పలకరించే పెద్ద సర్వేలోకి అది ఎక్కింది. దానివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. కోవిడ్ లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో, అంటే 2020 ఏప్రిల్‌లో, ఆ దేశస్థుల మనసు ఎంత చెదిరిందో చెప్పగలిగారంటే అదే కొలతతో అంతకుముందు కొలిచి ఉంచారు కాబట్టే. మనసు బాగాలేదేమో అని అనుమానించే గీత, అంటే కటాఫ్, దాటినవాళ్లు 2018-19లో నూటికి 18.9 మంది ఉంటే, ఆ ఏప్రిల్‌లో 27.3కి చేరారు. ఒకే కుంచంతో రెండుసార్లు కొలిచారు, తేడా బయటపడింది.

గోల్డ్‌బర్గ్ కావాలనే ‘ఎప్పటికన్నా’ అన్న మాట పెట్టాడు. మనిషి మామూలు తీరు నుంచి ఎక్కడ జారాడో పట్టుకోవాలని ఆయన ఉద్దేశం. లండన్‌లో డాక్టరు దగ్గరికి కొత్తగా వచ్చిన మనిషికి అది బాగానే పనిచేస్తుంది. కాని బాధే మామూలైపోయిన మనిషి సంగతేమిటి? మా మామ్మగారి కన్నా చాలా ముందే, 1985లో, గుడ్‌చైల్డ్, డంకన్-జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ లోపం పట్టుకున్నారు. బాధను గురించి అడిగే ప్రశ్నలకి ‘ఎప్పట్లాగే’ అంటే దానికీ ఒక మార్కు వెయ్యాలి అన్నారు. అంటే ప్రశ్న మారలేదు, జవాబు మారలేదు, మార్కు మారింది. మామ్మగారి ఒకటి ఆ లెక్కన ఏడు దగ్గరికి పోతుంది. మాకు ఆ సంగతి అప్పటికి తెలియదు. తెలిసుంటే ఆ మధ్యాహ్నం అమ్మాయి నా వంక చూసినప్పుడు వేరే జవాబు చెప్పి ఉండేవాణ్ణి.

ఇలా జనం మనసుల్ని కాగితం మీద లెక్కపెట్టాలన్న ఆలోచన మొదలైంది ఆసుపత్రుల్లో కాదు, సైన్యంలో. మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబుల మోతకి చెదిరిపోయే సైనికుల్ని ముందే ఏరెయ్యాలని, రాబర్ట్ వుడ్‌వర్త్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 116 ప్రశ్నల కాగితం తయారుచేశాడు. అవును, కాదు, అంతే జవాబులు. అది వాడకంలోకి వచ్చేలోగా యుద్ధమే అయిపోయింది.

తర్వాత 1962లో న్యూయార్కు నుంచి ఒక పుస్తకం వచ్చింది. మన్‌హటన్ నడిమధ్య పేటలో 1,660 మందిని ఇళ్లకి వెళ్లి ప్రశ్నలడిగి, ఆ జవాబుల్ని వైద్యులు చదివి లెక్క తేల్చారు. నూటికి 23.4 మందికి మానసిక బాధ వల్ల జీవితమే కుంటుపడిందన్నారు. అందులో మరో అంకె ఉంది. నాకు అది ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. ఏ లక్షణమూ లేకుండా పూర్తిగా బాగున్నవాళ్లు నూటికి 18.5 మందేనట! ఒక పేటలో ఐదుగురికి ఒక్కడు కూడా బాగాలేడంటే, ఆ పేటకి జబ్బు చేసిందా, కొలిచే కుంచం చిన్నదా? నాకైతే రెండోదాని మీదే అనుమానం. తలనొప్పి, చేతులు చెమర్చడం, నిద్ర పట్టకపోవడం ఏ సంసారి ఇంట లేవు?

మన పెద్దల కాలంలో ఏ ఊరి కుంచం ఆ ఊరిదే. పొరుగూరి సంతలో ధాన్యం కొన్నవాడు ఇంటికొచ్చి తన కుంచంతో మళ్లీ కొలుచుకునేవాడు. ఈ ప్రశ్నావళుల లోకం ఇప్పటికీ అలాగే ఉంది. నాకు చేతికి అలవాటైన నాలుగింటి సంగతి చెబుతాను.

జీహెచ్‌క్యూ గురించి చెప్పుకున్నాం. రెండోది ఎస్‌ఆర్‌క్యూ-20. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేద దేశాల కోసమని చేయించింది. 1980లో దాని మీద వచ్చిన తొలి పరిశోధనల్లో నాలుగు దేశాలున్నాయి: కొలంబియా, సూడాన్, ఫిలిప్పీన్స్, మన దేశం. మన దగ్గర హర్యానాలో రాయ్‌పూర్ రాణి అనే చోట జరిగింది. 20 ప్రశ్నలు, అన్నిటికీ అవును, కాదు. ‘ఎప్పటికన్నా’ అనే పేచీ దాదాపు లేదు. పైగా అది మనసు నుంచి కాకుండా ఒంటి నుంచి మొదలుపెడుతుంది. ముందు తలనొప్పి, తర్వాత ఆకలి, తర్వాత నిద్ర. అరుగు మీద కూర్చున్న మనిషితో మాట కలపడానికి అంతకన్నా మంచి దారి లేదు. “దిగులుగా ఉందా” అని మొదటే అడిగితే మన ఇళ్లలో ఆడవాళ్లు ముందు అత్తగారి వంక చూస్తారు. తలనొప్పి గురించి అడిగితే చెప్పుకుపోతారు.

మూడోది కె-10. హార్వర్డ్‌లో పనిచేసే రొనాల్డ్ కెస్లర్ బృందం అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సర్వే కోసం తయారుచేసి 2002లో ప్రకటించింది. గడిచిన నెల రోజుల్లో ఎంత తరచుగా అని పది ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు జవాబులు. దాని తమ్ముడు కె-6, ఆరే ప్రశ్నలు. వందల ప్రశ్నల్ని వడగట్టి, బాగా తీవ్రంగా ఉన్నవాళ్లని మిగతావాళ్ల నుంచి విడదీసేవాటినే ఏరి ఉంచారు. అందుకే మన్‌హటన్ సర్వేలాగా చిన్నపాటి చిరాకుకి ఊరందరినీ రోగుల జాబితాలో రాయదు.

నాలుగోది ఇప్పుడు సెల్‌ఫోన్లలో కూడా తిరుగుతున్న పీహెచ్‌క్యూ-9. 2001లో క్రోన్కీ, స్పిట్జర్, విలియమ్స్ ప్రకటించారు. దాని తయారీకి ఫైజర్ అనే మందుల కంపెనీ డబ్బిచ్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. జీహెచ్‌క్యూకి మాత్రం హక్కుదార్లకి డబ్బు కట్టాలి. ఈ తేడా వల్ల పీహెచ్‌క్యూ ఎంత దూరం ప్రయాణించిందో చెప్పనక్కర్లేదు. అది డిప్రెషన్ ఒక్కదాన్నే కొలుస్తుంది, 0 నుంచి 27 దాకా. ఆదుర్దాకి దాని తోబుట్టువు జీఏడీ-7 ఉంది. ఇవి కాక బాధ ఊసెత్తకుండా ఉల్లాసాన్నే అడిగే ఐదు ప్రశ్నల డబ్ల్యూహెచ్ఓ-5 ఉంది గాని, దాని కథ వేరు.

ఇంతకీ వీటిలో ఏది మంచిది? పందెం పెట్టినవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలో 1997లో పదివేల మందికి పైగా పెద్దవాళ్లతో జాతీయ సర్వే జరిగింది. ప్రశ్నావళులతో పాటు, జబ్బు ఉందో లేదో తేల్చే సుదీర్ఘమైన ఇంటర్వ్యూ కూడా చేశారు. ఆ ఇంటర్వ్యూని గీటురాయిగా పెట్టి చూస్తే కె-10, కె-6 రెండూ జీహెచ్‌క్యూని వెనక్కి నెట్టాయి. 2003లో ఆ ఫలితం అచ్చయింది. జీహెచ్‌క్యూ పని అయిపోయిందనుకున్నారు చాలామంది.

ఐదేళ్లకల్లా గోవా నుంచి మరో ఫలితం వచ్చింది. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్, ఆయన సహచరులు అక్కడి ప్రాథమిక వైద్యానికి వచ్చిన 598 మందిని తీసుకుని ఐదు ప్రశ్నావళుల్ని పోటీకి దింపారు: జీహెచ్‌క్యూ-12, ఎస్‌ఆర్‌క్యూ-20, పీహెచ్‌క్యూ, కె-10, కె-6. ఐదూ ఫరవాలేదనిపించాయి. ముందు నిలిచినవి మాత్రం జీహెచ్‌క్యూ, ఎస్‌ఆర్‌క్యూ. అక్కడ ఓడింది ఇక్కడ గెలిచింది.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆస్ట్రేలియాలో ఇంట్లో కూర్చున్న మనిషిని అడిగారు, గోవాలో ఏదో బాధతో డాక్టరు దగ్గరికి వచ్చిన మనిషిని అడిగారు. భాష వేరు. పెట్టుకున్న గీటురాయి కూడా వేరు. వీటిలో ఏ ఒక్కటి మారినా గెలుపు మారుతుందని నా అనుభవం. అందుకే ‘ప్రపంచంలో ఉత్తమ ప్రశ్నావళి’ అని ఎవరైనా అంటే ఎక్కడ, ఎవరి మీద, దేనితో పోల్చి అని నేను అడుగుతాను.

ఇప్పుడు కాస్త లెక్క. కాగితం, పెన్సిలు అందుబాటులో ఉంటే తీసుకోండి. లేకపోయినా నోటితోనే చేసెయ్యవచ్చు. వెయ్యి మంది ఉన్న ఊరు అనుకోండి. అందులో నిజంగా మానసిక జబ్బు ఉన్నవాళ్లు 100 మంది. మన దగ్గరున్న ప్రశ్నావళి మంచిదే: జబ్బున్న నూరుగురిలో 80 మందిని పట్టుకుంటుంది, లేని నూరుగురిలో 80 మందిని సరిగ్గా వదిలేస్తుంది. జబ్బున్నవాళ్లలో 80 మంది దొరికారు. మిగతా 900 మందిలో 720 మందిని వదిలేసింది, 180 మందిని ఊరికే పట్టుకుంది. మొత్తం పట్టుబడినవాళ్లు 260. మర్నాడు పత్రికలో ఏమొస్తుంది? ‘నలుగురిలో ఒకరికి మానసిక సమస్య’. అసలున్నది పదిమందిలో ఒకరికి. పట్టుబడిన 260 మందిలో 180 మందికి ఏ జబ్బూ లేదు.

ఇదే ప్రశ్నావళిని ఆసుపత్రి వరండాలో పెట్టండి. అక్కడ కూర్చున్న వెయ్యి మందిలో జబ్బున్నవాళ్లు 400 అనుకుందాం. 320 మంది సరిగ్గా దొరుకుతారు, 120 మంది పొరపాటున. పట్టుబడిన 440 మందిలో ముప్పాతిక వంతు దాకా నిజమైనవాళ్లే. ప్రశ్నల్లో అక్షరం మారలేదు. ఆసుపత్రిలో నమ్మదగిన కాగితం వీధిలో అంత నమ్మదగింది కాకుండా పోయింది. అందువల్ల సెల్‌ఫోన్‌లో తొమ్మిది ప్రశ్నలకి టిక్కులు పెట్టి 11 వచ్చిందని బెంబేలెత్తిన మేనకోడలికి నేను చెప్పే మాట: అది జబ్బు పేరు కాదు, డాక్టరుతో ఒకసారి మాట్లాడితే మంచిదని గుర్తుచేసే అంకె.

మన దేశంలో 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ఈ చిక్కు తెలిసే, చిన్న ప్రశ్నావళితో సరిపెట్టకుండా జబ్బుల వారీగా అడిగే ఇంటర్వ్యూ వాడింది. పెద్దవాళ్లలో ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నవాళ్లు నూటికి 10.6 మంది అని తేలింది. సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. ఆ 12లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన జనం అంకె కోసం ఆ పుస్తకం తిరగేస్తే దొరకదు. మన దగ్గర జరిగినవి వేరే ఉన్నాయి. 2002లో ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పసిపిల్లల తల్లుల్ని ఎస్‌ఆర్‌క్యూ-20తోనే పలకరించింది. ఇథియోపియా, పెరూ, వియత్నాం తల్లుల్ని కూడా. ఆ తర్వాత పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లు పట్టుకుని పీహెచ్‌క్యూ-9, జీఏడీ-7 ప్రశ్నలడిగారు. ఈ మూడు సర్వేల అంకెల్నీ పక్కపక్కన పెట్టి ‘పెరిగింది’, ‘తగ్గింది’ అని ఎవరైనా రాస్తే నమ్మకండి. ఒకరు సోలతో కొలిచారు, ఒకరు తవ్వతో.

అంకెలకన్నా నాకు ఎక్కువ నిద్రలేని రాత్రులు మిగిల్చింది తెలుగు చెయ్యడం. డిప్రెషన్‌కి ఏ మాట రాస్తారు? ‘కుంగుబాటు’ పత్రికల మాట. అరుగుల మీద నేను వినలేదు. కోస్తాలో ‘బెంగ’, ‘దిగులు’ అంటారు. తెలంగాణలో ‘రంధి’ అంటారు, ‘మనాది’ అంటారు. “మనాదికే మనిషి గింతయింది” అంటే అందరికీ అర్థమే. కాని బెంగ దూరమైనవాళ్ల కోసం, మనాది లోపల్లోపల తినేసేది. ఒకదాని చోట మరొకటి పెడితే వేరే జనం తల ఊపుతారు. కె-10లో అయితే కంగారును, కుదురులేకపోవడాన్ని వేరువేరుగా అడుగుతారు. రెండోదానికి మేము నాలుగు రోజులు తన్నుకుని చివరికి “ఒకచోట కాలు నిలవకుండా ఉంటోందా” అని రాశాం. ఒక చేపలబేరగాడు “కాలు నిలిస్తే కూడెవడెడతాడండీ” అన్నాడు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ‘లేదు’. “నిద్ర పట్టడం లేదా?” అని అడగండి. “లేదండీ” అంటే పట్టడం లేదనా, మీరన్నది నిజం కాదనా? “ఆఁ” అంటే? ఇంగ్లీషులో తేలిగ్గా నడిచే ప్రశ్న తెలుగులో రెండు పక్కలా కోసే కత్తి. అవును, కాదు అని రాసుకునే ప్రశ్నావళిలో ఈ పొరపాటు సున్నాని ఒకటి చేస్తుంది, ఒకటిని సున్నా చేస్తుంది. మేము ప్రతి ప్రశ్నలోంచీ ‘లేదా’ను ఏరి పారేశాం. “నిద్ర చెడిందా?” అంటే గొడవ లేదు. ఇక పీహెచ్‌క్యూలో ‘గత రెండు వారాలు’. వారాలు లెక్కపెట్టుకుని ఎవరు బతుకుతారు? “రెండు సంతల కిందటి నుంచి” అంటే చటుక్కున లెక్క వేసుకుంటారు.

పరాయి ప్రశ్నల్ని తెనిగించడం కాకుండా, ఊరి మాటల్లోంచే ప్రశ్నలు పుట్టించినవాళ్లూ ఉన్నారు. జింబాబ్వేలో షోనా భాష మాట్లాడే జనం ఇలాంటి బాధని ‘కుఫుంగిసిసా’ అంటారు, అంటే అతిగా ఆలోచించడం. ఆ మాట చుట్టూ 14 ప్రశ్నల కాగితం అల్లారు. అందులోనూ విక్రమ్ పటేల్ చెయ్యి ఉంది. హరారేలో చెట్టుకింద బల్ల వేసుకుని జనం గోడు వినే అమ్మమ్మలు ఆ కాగితమే వాడతారు. ‘ఊరికే ఆలోచనలు, తెగని ఆలోచనలు’ అని మన ఆడవాళ్లు రోజూ అంటారు. తెలుగులో అలాంటిది చెయ్యాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

ఒక సంగతి మరిచిపోకూడదు. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న, ఎస్‌ఆర్‌క్యూలో పదిహేడోది, చచ్చిపోవాలనే ఆలోచన గురించి. ఆ ప్రశ్న అడిగి, ‘అవును’ విని, గడిలో టిక్కు పెట్టి పక్కింటికి పోయే హక్కు ఎవరికీ లేదు. మా పిల్లలకి మొదటి రోజే చెప్పేవాణ్ణి: ఆ జవాబు వస్తే కాగితం మూసెయ్యండి, ఆ మనిషి దగ్గరే ఉండండి, నాకు కబురు పెట్టండి అని. ఇప్పుడు 14416 అనే నంబరు ఉంది, టెలీ మానస్. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, ఖర్చు లేదు, ఏ వేళైనా చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడతారు. వినేవాళ్లలో ఎవరికైనా ఆ అవసరం ఉంటే ఈ ప్రసంగం కట్టేసి ముందు ఆ నంబరు తిప్పండి.

మళ్లీ ఆ పల్లెకి వెళ్లాం, మూడు నెలల తర్వాత. ఈసారి ఎస్‌ఆర్‌క్యూ-20. అదే అరుగు, అదే అమ్మాయి. చింతపండు రోజులు పోయి మామ్మగారు కందిపప్పులో రాళ్లు ఏరుతున్నారు. తలనొప్పి, అవును. అన్నం సయించడం, అంతంత మాత్రం. నిద్ర చెడింది, అవును. కడుపులో ఏదోలా ఉంటుంది, అవును. ఎనిమిది వస్తే ఆలోచించాలని చాలా చోట్ల గీత గీసుకున్నారు. ఆవిడకి 11 వచ్చాయి. మూడు నెలల్లో ఆవిడలో మారిందేమీ లేదు. పీహెచ్‌సీ డాక్టరుగారికి చీటీ రాసి ఇచ్చాం.

అమ్మాయి లేచి కాగితాలు సర్దుకుంటుంటే, మామ్మగారు చేట పక్కన పెట్టి అడిగారు. “ఇన్నడిగావు గదా. మరి నీకు నిద్ర పడుతోందా తల్లీ?”

ఆ అమ్మాయికి ఆ ఏడాదే తండ్రి పోయాడని మా జట్టులో అందరికీ తెలుసు. దార్లో నేను ఏమీ అడగలేదు. బస్సు ఎక్కబోతూ తనే అంది: “ఎప్పట్లాగేనని చెప్పాను మాస్టారూ.”